పసుపు మూటలో తాళంచెవులు

పోయిన వారం భూలక్ష్మిని మనం జితేందర్ మడి ఒడ్డు మీద నిలబెట్టి ఎవరి పనికి వాళ్ళం పోయినం. మీరు తిన్నరు, పన్నరు, ఒకరిద్దరు పెండ్లిళ్ళకు గూడ పోయొచ్చిండ్రు. ఆమె మాత్రం ఒక కాలు ఒడ్డు మీద, ఒక కాలు బురదల పెట్టి అట్లనే ఉన్నది. ఇంక నడిపిద్దాం.

నడిపించే ముందు, మరిచిపోయినవాళ్ళ కోసం రెండు ముక్కలు. డీజిల్ మళ్ళా నూరు దాటినంక గుండ్లబావి ట్రాక్టర్లోళ్ళు దమ్ము కిరాయి పెంచిండ్రు. "అంత ఇయ్యం పో" అన్నరు రైతులు. "అయితే దున్నం పో" అన్నరు వీళ్ళు. ఊర్ల ఉన్న ట్రాక్టర్లన్నీ తెచ్చి కట్ట మైసమ్మ గద్దె ముందర వరుసగ నిలబెట్టిండ్రు. ఎవరూ చాటుంగ పోయి దున్నకుండ తాళంచెవులన్నీ పసుపు గుడ్డల మూటగట్టి అమ్మ మెడల వేలాడదీసిండ్రు. సంఘం ఒప్పుకునేదాక మూట ముట్టినోడు అమ్మకు ఎదురువడ్డట్టేనని ఒట్టు పెట్టుకున్నరు. ఆ సంఘానికి పెద్ద ఐలేశ్. భూలక్ష్మికి సొంత తమ్ముడు.

భూలక్ష్మి కౌలు మడి నానవెట్టుకొని కూసున్నది. భర్త జనగామ మార్కెట్ల హమాలీ, పండుగకు పబ్బానికి తప్ప ఇల్లు చేరడు. మడి దున్నితే నాట్లు వెయ్యాలె. దున్నేటోడు లేడు. నారుమడిలో నారేమో మోకాలు దాటుతున్నది. నారుకు సంఘం తీర్మానం ఏం తెలుసు? దానికి వయసు రావడమే తెలుసు. ముదిరినంక నాటితే పిలకలు పెట్టదు. పిలకలు లేకుంటే గడ్డి తప్ప గింజ రాదు. గింజ రాకుంటే వచ్చే ఏడు ఆ భూమి ఇంకొకరి కౌలుకు పోతది. సంగతి ఇంతే.

అట్లాంటి మనిషి, మొగోళ్ళంతా డీజిల్ పన్ను మీద ధర్నా అని తరిగొప్పులకు పోయొచ్చిన మరునాడు, పొద్దున లేచి జితేందర్ పొలం పక్కనుంచి వస్తుంటే ఏం కనబడ్డది? సమ్మెలో ఉన్న ఊర్ల, ఎరువుల దుకాణం జితేందర్ మడి ఒక్కటి చల్ల చిలికినట్టు మెత్తగ దమ్ము చేసి ఉన్నది.

భూలక్ష్మి బురదల నుంచి కాలు గుంజుకున్నది. కడుక్కోలేదు.

ఆమె కాళ్ళకు చక్రాలుంటయని చిన్నప్పుడే ఇంట్ల అనేవాళ్ళు. ఒకసారి తరిగొప్పుల అంగడికి ఉప్పుకు పంపితే, ఉప్పు మరిచి, అదే ఊపుల జనగామ దాక నడిచి, టేషన్ల రైలు చూసి, ఆ రైలు కంటె ముందే ఇల్లు చేరిందని చెప్తరు. రైలు ఎటు దిక్కు పోయేదో మనకెందుకు? ఈ పదిహేను దినాల నుంచి మాత్రం ఆ చక్రాలు ఒక్కచోట ఆగింది లేదు. ఇంటి నుంచి నారుమడికి, నారుమడి నుంచి మైసమ్మ గద్దెకు, గద్దె నుంచి ఇంటికి. తినే కంచం ముందర గూడ నిలబడే ఉండేది. ఇయ్యాల దోవల నారుమడి దగ్గర వంగి గుప్పెడు నారు పీకి కొంగుల వేసుకొని, గద్దె దిక్కు నడిచింది.

గద్దె కాడ ట్రాక్టర్ల నీడకు సంఘం కూసున్నది. నిన్నటి ధర్నా ముచ్చట ఇంకా ఒడువలేదు.

"నిన్న నువ్వు ఢిల్లీని తిట్టవడితివి, గీ కుమార్ హైదరాబాదును తిట్టవడ్డడు" అంటున్నడు ఐలేశ్‌తోని వీరస్వామి. వయసుల సంఘంల అందరికంటె పెద్ద. ఢిల్లీని తిట్టింది తనే అయినా ఎదుటివాళ్ళ మీద పెట్టి చెప్పడం ఆయనకు అలవాటు. "రెండు తిట్లు ఎదురెదురు వచ్చి నడుమల గుద్దుకున్నయి. ఒక్కటన్న ఎవనికి ముట్టలే."

"అరే, ఢిల్లీ పన్ను లీటరుకింత అని ఒక్కతీరు ఉంటది బాపూ" కుమార్ లేచి కూసున్నడు. ఇంటరు చదివిండు, లెక్క చెప్పేటప్పుడు వేళ్ళు విప్పుతడు. "గీ హైదరాబాద్ పన్ను నూటికింత అని ఉంటది. ధర ఎంత ఎక్కితే గదిగూడ అంత ఎక్కుతది. కూసున్నకాడ పెరిగే పన్ను గిది!"

"మరి ముందుగాల ధర ఎక్కిచ్చిందెవలు?"

"పన్ను తగ్గియ్యనిదెవలు?"

"గదే నిన్న తాసిల్ ఆఫీసుల అడిగిండు గదా సారు" ట్రాక్టర్ బురదరేకు మీద కూసున్న భీమ్లా నవ్విండు. నర్సింహులపేట దిక్కు తండా నుంచి దమ్ము సీజన్‌కు వచ్చిన డ్రైవరు. పని లేక పదిహేను దినాల నుంచి వీళ్ళ లొల్లి వినుకుంట బతుకుతున్నడు. "'కాయిదం ఇయ్యుండ్రి, ఎవలి మీద?' అన్నడు. మీరు మొకాలు మొకాలు చూసుకుంటిరి. కాయిదం ఇయ్యకనే వస్తిరి. పొయ్యొచ్చిన ఆటోలకు డీజిల్ వోసినం గదా, గా పన్ను మాత్రం ఇద్దరికీ ముట్టింది."

అందరూ నవ్విండ్రు, ఐలేశ్ ఒక్కడు తప్ప. అక్క రావడం ఆయన దూరం నుంచే చూసిండు. ఆ నడక ఆయనకు ఎరుకే.

"తమ్మీ, లెవ్వు."

"ఏందక్కా, పొద్దుగాల్నే..."

"మైసమ్మ మెడల మూట ఊరందరిదా, లేనోళ్ళదేనా?"

"ఏమైందో చెప్పరాదు ముందుగాల."

"జితేందర్ మడి దున్నిందెవడు?"

కుమార్ విప్పిన వేళ్ళు విప్పినట్టే ఉన్నయి.

"ఎవలన్నరక్కా? నువ్వు కండ్లార చూసినవా?" అన్నడు వీరస్వామి.

"కాలుతోని చూసిన బాపూ. ఇగో!" చీర కుచ్చిళ్ళు జర లేపి చూపిచ్చింది. పిక్క దాక మెత్తటి బురద, ఎండి తెల్లబడుతున్నది. "గడ్డ తగుల్లేదు, గడ్డి తగుల్లేదు. వెన్నతీర్గ దున్నిండ్రు. నిన్న మీరు ధర్నాల గొంతులు చించుకుంటుంటే ఈడ ఎవడో మడి దున్నిండు. మీ ఒట్టు మా అసుంటోళ్ళ మీదనే పనిచేస్తదా?"

ఐలేశ్ లేచి అక్కకు దగ్గరికొచ్చిండు. గొంతు తగ్గించిండు, పదిమంది ముందర తగ్గిస్తే ఎంత తగ్గుతది?

"అక్కా, నీ మడి దున్నుడు నాకు చాతగాదా? మడిల దిగిన బండి డీజిల్ తాగదే, మింగుతది. పాత కిరాయికి దున్నితే నేను నీకు దున్నినట్టుగాదు, ఆ పన్నుకు వెట్టి చేసినట్టు. నిరుడు సమ్మెల గీ కుమార్ చాటుంగ వాళ్ళ మామ మడి దున్నితే నేనే గదా నలుగుట్ల నిలవెట్టి తప్పు పైసలు కట్టిచ్చింది? ఇయ్యాల అక్కదని మూట ఇప్పితే నా మొకం ఏడ వెట్టుకోవాలె?"

"నీ మొకం సంగతి తర్వాత. దీని మొకం జూడు."

కొంగుల నుంచి నారు తీసి తమ్ముని చేతుల పెట్టింది. ఐలేశ్ చూడకుండ ఉండలేకపోయిండు. రైతు బిడ్డ గదా. వేలు కొసతోని మొదలు తడిమిండు. కణుపు గట్టిగ తగిలింది. కొసలు పసుపు పట్టినయి.

"ఇంక మూడు నాలుగు దినాలు అక్కా. గంతల తేలిపోతది."

"నాలుగు దినాలు దానికి చెప్పు, ఆగుతదేమో. తమ్మీ, డీజిల్ నీకొక్కనికే పెరిగిందా? యూరియా బస్తా ఆటోల వస్తది, ఆటోకు డీజిల్. కూలోళ్ళు ట్రాలీల వస్తరు, ట్రాలీకి డీజిల్. ఢిల్లోళ్ళు నీ మీద ఏసిండ్రు, హైద్రాబాదోళ్ళు నీ మీద ఏసిండ్రు, నువ్వు తీసుకొచ్చి నా మీద ఏసినవ్. నేను ఎవరి మీద ఎయ్యాలె చెప్పు? వడ్ల మీద ఏద్దామంటే వడ్ల ధర నా నోట్ల లేదు."

ఆ మాటకు వీరస్వామి తలకాయ కిందికేసిండు. ఆయనకూ మూడెకరాలున్నయి. ట్రాక్టర్ మీద కూసున్నప్పుడు ట్రాక్టరోడు, ఒడ్డు మీద కూసున్నప్పుడు రైతు. ఊర్ల సగం మంది కథ అదే. కొట్లాట బయటోళ్ళతోని అయితే ఎంత సుకం!

ఐలేశ్ నారు జాగ్రత్తగ అక్క కొంగుల మళ్ళ పెట్టిండు. గద్దె ఎక్కి మైసమ్మకు దండం పెట్టుకొని, మెడల మూట ముట్టిండు.

"అరే ఐలేశ్!" అన్నరు నలుగురు.

"దున్నడానికి ఇప్తలేను. చూపియ్యడానికి ఇప్తున్న. సంఘం దొంగ సంఘమని అక్క అన్నంక మూసి పెట్టొద్దు. ఎవరి చెవి లేదో వాడే దొంగ."

పసుపు గుడ్డ విప్పి గద్దె మీద పరిచిండు. ఎర్రదారం కట్టింది వీరస్వామిది. గుర్రపుడెక్క బిళ్ళది కుమార్‌ది. ఎద్దు గంట వేలాడేది ఐలేశ్‌ది. ఎవరిది వాళ్ళు గుర్తుపట్టిండ్రు. ఒక్కటి తక్కువ లేదు. అన్నిటికీ పసుపు అంటుకొని ఎండిపోయి ఉన్నది, ఎవరూ ముట్టిన జాడ లేదు.

"మరి మడి?" అన్నది భూలక్ష్మి.

"అమ్మే దున్నిందేమో" వీరస్వామి గొంతు సవరించుకున్నడు. "నవ్వకుండ్రి. మా తాత నాడు ఒక నాగలి ఉండేది. వడ్ల గుమ్మి మీద పెట్టి ఎములాడ రాజన్న కాడికి పోయొచ్చేటాల్లకు రెండెకరాలు దున్ని, మళ్ళా గుమ్మి మీదికెక్కి కూసున్నదట. ఇంట్లోళ్ళు ఎట్ల గుర్తువట్టిండ్రంటే, దానికి చెమట పట్టి ఉండెనట."

"ఎడ్లో బాపూ?"

"ఎడ్లు వాళ్ళతోని ఎములాడకే పోయినయి గద!"

భీమ్లా బురదరేకు మీద నుంచి దుంకిండు. నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకున్నడు.

"అన్నా, మీరు చెవులు దాసిండ్రు గని, గీ బండ్లకు తాళాలు ఏడున్నయే? అన్నీ ఒక్కతీరు పాతబండ్లు. ఊరంతటికి ఒక్క చెవి సాలు. మీకు ఎరుకనే అనుకున్న. ఒట్టు మీదనే నమ్మకం, చెవులు ఊకనే పేరుకు కట్టిండ్రనుకున్న."

ఐలేశ్ తన చెవి తీసుకొని వీరస్వామి బండి ఎక్కిండు. తిప్పిండు. బండి 'డుగుడుగు' మన్నది.

వీరస్వామి నోరు తెరిచిండు. ఇరవై ఏండ్ల నుంచి ఆ చెవి మొలతాడుకు కట్టుకొని పండుకుంటున్నడు మరి.

కుమార్ నమ్మలేదు. ఉరికి పోయి తన బండిల వీరస్వామి చెవి పెట్టి తిప్పిండు. మోగింది. ఇంకొకడు ఇంటి బీరువా చెవి పెట్టిండు. అదీ మోగింది. ఇంక చూడాలె. పదిహేను దినాలు ఉలుకు పలుకు లేకుండ నిలబడ్డ బండ్లు ఒకదాని వెనుక ఒకటి గొంతు విప్పినయి. పొగ గద్దెను కమ్మింది. ఒకని చెవి ఒకడు గుంజుకునుడు, ఒకని బండి ఒకడు ఎక్కుడు, "అంటే నిన్న నువ్వే", "కాదు నువ్వే", "ధర్నాల నువ్వు నడుమల ఏడికో పోయినవ్", "ఒంటికి పోయిన్రా". ఇంజన్ల మోతకు ఎవరి తిట్టు ఎవరికీ వినబడలేదు గనుక దెబ్బలాట కాలేదు. మైసమ్మ దయ.

భూలక్ష్మి చెవులు మూసుకొని నిలబడ్డది. పిచ్చి లేచినట్టయింది. ఇన్ని బండ్లు మోగుతున్నయి, ఒక్కటన్న మడి దిక్కు పోదు!

"గది గాదు, ఐలేశన్న బండిల చెంచ పెట్టి చూపిస్త" అని భీమ్లా గద్దె వెనుకకు పోయిండు. ఐలేశ్ బండి వరుసకు కొసన, పొలాల తోవ పక్కన ఉంటది. పోయినోడు పోయినట్టే తిరిగొచ్చిండు.

"అన్నా, నీ బండి ఏది?"

అందరూ పోయి చూసిండ్రు. బండి నిలబడ్డ జాగల ఎండిన గడ్డి, దమ్ముకు కట్టే ఇనుప చక్రాల పళ్ళు దిగిన జాడ. జాడ పొలాల దిక్కే పోయింది. అరగంట నుంచి నడుస్తున్న ఈ మోతల దాని మోత కలిసిపోయి ఎవరికీ తెలవలేదు.

ఐలేశ్ తన చేతుల చెవిని చూసుకున్నడు. ఎద్దు గంట ఊగుతున్నది.

అప్పుడు మోగుతున్న బండ్లను ఎక్కడివక్కడ వదిలి మంది పొలాల మీద పడ్డరు. అందరికంటె ముందు భూలక్ష్మి. జాడ ఏ మలుపు తిరిగితే ఆమె ఆ మలుపు తిరిగింది. కాలువ దాటింది, తుమ్మలు దాటింది. జాడ వాళ్ళ మడి దిక్కే తిరిగింది.

ఆమె మడిల బండి తిరుగుతున్నది. నడుముకు చీర బిగించి, తలకు తువ్వాల చుట్టి, స్టీరింగ్ మీద వంగి నడుపుతున్నది ఐలేశ్ భార్య అనిత. సగం మడి అప్పటికే అద్దం తీరు మెరుస్తున్నది. కొంగలు వెనుక వెనుక నడుస్తున్నయి, సంఘంతోని వాటికి పని లేదు.

"అనితా! ఆపు!" ఐలేశ్ బురదల దుంకి చేతులు చాపి బండి ముందర నిలబడ్డడు.

అనిత బండి నెమ్మది చేసింది గని ఇంజన్ ఆపలేదు. మొగని చుట్టూ చెట్టు చుట్టూ తిప్పినట్టు తిప్పి ఒడ్డు దగ్గరికి తెచ్చింది.

"ఎవలి ఒట్టు తప్పుతున్నవో ఎరుకనా నీకు?" ఐలేశ్ గొంతు పగిలింది.

"నేను పెట్టని ఒట్టు నేనెట్ల తప్పుత? మూట గట్టిననాడు ఆడోళ్ళను ఎవలన్న పిలిచిండ్రా? గుడ్డకు పసుపు దంచేతందుకే పిలిచిండ్రు."

ఒడ్డు మీద ఒకరిద్దరు దగ్గిండ్రు. పసుపు ఎవరింట్ల దంచిండ్రో వాళ్ళకు తెలుసు.

"జితేందర్ మడి..."

"నేనే దున్నిన. నిన్న. మీరు తరిగొప్పులల ఉండంగ." అనిత తువ్వాలతోని మొకం తుడుచుకున్నది. బురద ఇంకింత అంటుకున్నది. "పైసలకు గాదు. మన ట్యాంకుల చుక్క లేకపాయె. ఆయన లారీ బియ్యం ఏసుకొని భూపాలపల్లి దిక్కు పోతది గదా, వచ్చేటప్పుడు గోదారి వంతెన అవతల పక్క రాష్ట్రంల డీజిల్ డ్రమ్ముల పోసుకొస్తది. ఆడ మనకాడంత పన్ను లేదట, అగ్గువట. 'నా మడి దున్ను, కూలి కింద డీజిల్ పోస్త' అన్నడు. ఆయన మడికి ఆయన వేరే పోసిండు. కూలి నిన్న పొద్దుమీకి ట్యాంకుల పోసిండు. గిది వదినె మడికని అడిగి తీసుకున్న."

ఈ మరదలు, భూలక్ష్మి వాళ్ళింటికి పోతే మంచినీళ్ళు ఇచ్చి ఊరుకునేదే తప్ప, ఏనాడూ రెండు మాటలు ఎక్కువ మాట్లాడినది కాదు.

ఐలేశ్ అక్క దిక్కు తిరిగిండు. మోకాళ్ళ దాక బురద, కండ్లల్ల నీళ్ళో చెమటనో. సంఘమంతా ఆయన వెనుక ఒడ్డు మీద నిలబడి చూస్తున్నది. నిరుడు తప్పు కట్టిన కుమార్ అందరికంటె ముందున్నడు.

"అక్కా, నేను చెప్తే ఇనది. నువ్వు చెప్పు. ఇయ్యాల ఇది ఆగకుంటే రేపు నన్ను గద్దె ముందర నిలవెడ్తరు. నా బండిని ఈ ఊర్ల ఎవడూ మడిల దిగనియ్యడు. నువ్వు ఒక్క మాట అనక్కా."

భూలక్ష్మి దున్నిన సగం చూసింది. దున్నని సగం చూసింది. తమ్ముని చూసింది. చిన్నప్పుడు ఎడ్లబండి వెనుక వేలాడి పడ్డప్పుడు గూడ ఇదే మొకం, ఇదే "అక్కా". కొంగుల నారు తడి పొట్టకు సల్లగ తగులుతున్నది. కాళ్ళు ఎటన్నా నడువుమంటున్నయి. నడువడానికి ఒక్క అడుగు తోవ లేదు, ముందు బురద, వెనుక మంది.

"తమ్మీ, నీ తప్పు నేను కడుత" అన్నది. గొంతు ఆమెకే కొత్తగ వినబడ్డది. "గద్దె ముందర నీ పక్కన నేను నిలవడ్త. అనితా, కానియ్యి."

అనిత గేరు వేసింది. బండి నాలుగు గజాలు పోయింది. దగ్గింది. తెల్లటి పొగ ఒకటి ఉమ్మినట్టు వదిలింది. మళ్ళా దగ్గింది. ఆగిపోయింది.

కొంగలు సుత తల ఎత్తి చూసినయి.

"డీజిల్ అయిపోయిందా?" అన్నడు కుమార్.

"నిండ పోసిండు!" అనిత ఎన్నిసార్లు తిప్పినా బండి మూలిగిందే తప్ప అందుకోలేదు.

భీమ్లా అప్పటికే బురదల దిగిండు. నవ్వుతున్న మొకమే, ఇంజన్ దగ్గర వంగంగనే మారింది. డీజిల్ వడపోసే గిన్నె మర వదులు చేసి, ఒడ్డు మీద పడి ఉన్న నీళ్ళ సీసల పట్టిండు. వాసన చూసిండు. "యాడీ!" అన్నడు. ఎంత తెలుగు వచ్చినా అమ్మను పిలిచేది తండా మాటతోనే. సీసను ఎండకు ఎత్తి పట్టిండు.

చూడంగ చూడంగ సీసల రెండు పొరలైనయి. అడుగున తేటనీళ్ళు. పైన పచ్చగ, పలచగ, కిరసనాయిలు కంపు.

"గిది గోదారి అవతలి డీజిల్ గాదన్నా. గోదారి నీళ్ళే" అన్నడు భీమ్లా. "ఇంజన్ పంపు పట్టేసి ఉంటది. విప్పి చూస్తే గని చెప్పలేను. జనగామ తీస్కపోవాలె."

"ఆయన మడికి మంచిది వోసి..." అనిత సగంల ఆగింది. మిగతా సగం అందరూ మనసుల అనుకున్నరు.

ఐలేశ్ బండి చక్రం మీద చెయ్యి పెట్టి అట్లనే నిలబడ్డడు. వీరస్వామికి మొదలు తెలిసింది. గద్దె దిక్కు మొకం తిప్పి చెవి ఒగ్గిండు.

పొలాల మీదుగ వినబడుతున్న బండ్ల మోతల ఒక గొంతు తగ్గింది. కొంచెం సేపటికి ఇంకొకటి. మూడోది దగ్గి దగ్గి, మొండికేసి, ఆగింది. పెండ్లింట్ల సుట్టాలు ఒక్కొక్కరే లేచి పోయినట్టు పోయినయి. ఆఖరిది జరసేపు ఒంటరిగ డుగుడుగుమని, అదీ చల్లబడ్డది.

ఊరు ఊరంతా చప్పుడు లేకుండ అయింది.

"బాపూ" అన్నది భూలక్ష్మి మెల్లగ. "మీరు గూడ గా డ్రమ్ముల్దే పోసుకున్నరా?"

వీరస్వామి ఒడ్డు మీద కూలబడ్డడు. "అగ్గువ అన్నడు బిడ్డా. సమ్మె ఒడువంగనే మడిల దుంకాల్నాయె, ముందుగాలనే నింపి పెట్టుకుందమని... ఎవనికి వాడు, తనొక్కడే తెలివైనోడు అనుకున్నం. ధర్నాకు పోయే ముందురోజే పోసుకున్నం."

తర్వాత ఒడ్డు మీద నిలబడ్డ మొగోడు లేడు. ఇల్లు అంటుకున్నదని విన్నట్టు గద్దె దిక్కు ఉరికిండ్రు. చెప్పులు కొన్ని బురదల మిగిలినయి. ఐలేశ్ గూడ పోయిండు, సంఘానికి పెద్ద గదా. అనిత ఒక్కతే ఆగిన బండి మీద కూసున్నది.

ఉరకబోతున్న భీమ్లా చేతుల నుంచి భూలక్ష్మి సీస తీసుకున్నది. అందరూ ఒక దిక్కు పోతుంటే ఆమె ఇంకో దిక్కు, రోడ్డు దిక్కు నడిచింది. జితేందర్ దుకాణం రోడ్డు మీదనే. ఏం అనాల్నో ఆలోచించలేదు. కాళ్ళు పోతున్నయి, ఆమె వాటి వెనుక పోతున్నది. ఊర్ల నడిచే బండి ఒక్కటి లేదు, ఒక్క ఎద్దు లేదు. సగం మడి ఉన్నది, సాయంత్రానికి ఇంకింత వయసు వచ్చే నారు ఉన్నది.

దుకాణం దాక పోవాల్సిన పని పడలేదు. తెల్లకారు ఎదురొచ్చి ఆమె పక్కన ఆగింది. వెనుకనే పెద్ద లారీ ఆగింది. లారీ మీద రెండు ట్రాక్టర్లు. సీట్లకు ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు, ముందరి రేకుల మీద పూలదండలు వాడలేదు.

కారు అద్దం దిగింది. జితేందర్ లోపల చల్లగ కూసున్నడు.

"అక్కా, నీ దగ్గరికే వస్తున్న. ఊర్ల బండ్లు మొరాయించినయంట గదా" అన్నడు. ఇంజన్లు ఆగి పావుగంట కాలేదు, ఆయనకు అప్పుడే ఎట్ల తెలిసిందో. "పాపం, సగం మడి మిగిలిందంట. పాత బండ్లను నమ్ముకుంటే గిట్లనే. నావి కొత్తయి. కిరాయి నువ్వు చెప్పిందే, పాతదే. మొదలు నీ మడిలనే దింపుత, తర్వాత ఊరంతటికి. ఎక్కక్కా, తోవ జూపియ్యి."

వెనుక తలుపు టక్కుమని తెరుచుకున్నది.

పాత కిరాయి. ఇయ్యాలనే. రేపు నాట్లు. భూలక్ష్మి లారీ మీది బండ్లను చూసింది. కొంగుల నారు ముట్టుకున్నది. ఒక్క అడుగు తలుపు దిక్కు వేసింది గూడ.

ఆ అడుగు మీదనే ఆగి, సీసను కిటికీలనుంచి లోపలికి, జితేందర్ ముక్కు ముందరికి చాపింది.

"ఎక్కుత సేటూ, ఎక్కకేం జేస్త. ముందుగాల గిది నీ కారుల వొయ్యి. నీ డ్రమ్ముదే. నడిస్తే ఎక్కుత."

జితేందర్ సీసను చూసిండు. రోడ్డు మీద ఈ కొస నుంచి ఆ కొసకు చూసిండు. తన లారీ డ్రైవరు తప్ప మనిషి జాడ లేదు. కారు ఇంజన్ ఆపి దిగిండు. నవ్వు మాత్రం కార్లనే వదిలిపెట్టి దిగిండు.